ఫొటోలో ఆ టార్చిలైటు మనిషి ఎందుకు?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో నేను తీసిన పాలపుంత ఫొటో పెట్టి, "ఇంత పెద్ద విశ్వంలో మన కష్టాలు ఏపాటివి!" అని కింద రాశారు. వరసగా దణ్ణాలు పడ్డాయి. మా అక్క కొడుకు మాత్రం గ్రూపులో ఏమీ అనకుండా నాకు విడిగా రాశాడు. ఈమధ్యే వాడి ఉద్యోగం పోయింది. "ఫొటో చాలా బావుంది మామయ్యా. కింద రాసింది చూస్తే మాత్రం ఒళ్లు మండింది. ఆఫీసులో నువ్వు అక్కర్లేదన్నారు, ఇప్పుడు ఆకాశం కూడా అదే చెప్పాలా?"

రెండు ఓదార్పు మాటలు పంపి ఊరుకోవచ్చు. కానీ నాకది అంత తేలిగ్గా వదిలేసే ప్రశ్నలా అనిపించలేదు. సెలవు దొరికితే కెమెరా సంచి భుజాన వేసుకుని ఊరి దీపాలకు దూరంగా పోయే మనిషిని నేను. ఎందుకు పోతావని ఎవరడిగినా ఇన్నేళ్లూ ఒకటే చెప్పాను: అక్కడ నిలబడితే నేను చాలా చిన్నవాణ్ణనిపిస్తుంది, అది నాకు ఇష్టం అని. వాడికి ఒళ్లు మండించిన మాటా, నాకు ఇష్టమైన ఆ అనుభవమూ ఒకటేనా? కాదని గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు కాదో చెప్పాలంటే ఫొటోల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. గందరగోళం చాలావరకు అక్కడే పుట్టింది.

బండ అంచున మనిషి

రాత్రి ఫొటోలు చూసే అలవాటున్న వాళ్లందరికీ ఈ ఫొటో తెలుసు. గండికోట లోయ అంచున బండమీద ఒక మనిషి, వీపు మనవైపు. తలకు కట్టుకున్న లైటు ఆకాశంలోకి. పైన పాలపుంత. కింద "విశ్వం ముందు నేనెంత" అన్నట్టుగా ఓ వాక్యం.

అది ఎలా తీస్తామో తీసేవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. మనిషి ఆకాశం మీద పడాలని ట్రైపాడ్‌ను నేలకు ఆనేంత కిందికి దింపుతాం. పాలపుంత సరిగ్గా అతని తలమీదకు దిగేదాకా రెండడుగులు ఇటూ రెండడుగులు అటూ జరుగుతాం. ఇరవై సెకన్లు కదలొద్దని అరుస్తాం. అతను ఊపిరి బిగబట్టి, ఛాతీ విరుచుకుని నిలబడతాడు. ఇంటికొచ్చాక కంప్యూటర్లో అతని చుట్టూ ఇంకాస్త వెలుగు పెంచుతాం. ఫ్రేములో అతను వేలెడంతే ఉండొచ్చు, కానీ చూసేవాడి కన్ను ముందుగా పడేది అతనిమీదే, తిరిగి తిరిగి వచ్చేదీ అతని దగ్గరికే. కోటానుకోట్ల నక్షత్రాలు అతని వెనక తెరగా నిలబడతాయి. ఆ ఫొటో చెప్పేది ఇంత పెద్దదాని ముందు నిలబడినవాణ్ణి నేను అని.

అలా తీయించుకోవడాన్ని తప్పు పట్టడం లేదు. నా దగ్గరా అలాంటివి ఉన్నాయి. అంత దూరం పోయి, చలిలో, దోమల్లో నిలబడి తీసుకునే ఫొటోలో తానూ ఉండాలనుకోవడం సహజం. నా పేచీ అంతా కింద రాసే మాటతోనే. ఫొటోలో మనం హీరోగా ఉంటాం, చిన్నతనం మాత్రం చదివేవాడి నెత్తిన పెడతాం. మా మేనల్లుడికి తగిలింది అదేననుకుంటాను.

లెక్కలతో చెప్పేవాళ్లు ఇంకొందరు. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 వ్యోమనౌక దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన భూమి ఫొటో, ఒక్క పిక్సెల్ కూడా నిండని నీలపు చుక్క, ఏటా ఆ తేదీకి అందరి ఫోన్లలోనూ తిరుగుతుంది. ఆ ఫొటో అంటే నాకు చాలా గౌరవం. అయినా నిజం చెప్పాలి, దూరాల లెక్కలు నన్నెప్పుడూ చిన్నవాణ్ణి చేయలేదు. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రేపెవరో వచ్చి, కాదు 25 కోట్లు అంటే నేను ఇంకో వందరెట్లు చిన్నవాణ్ణయ్యానని అనిపిస్తుందా? ఏమీ అనిపించదు. ఒక హద్దు దాటాక మనసు ఆ అంకెలన్నిటికీ "చాలా" అని రాసుకుని ఊరుకుంటుంది. అంత దూరాన్ని కొలిచిన మనిషి తెలివికి అబ్బురపడతాను, అది వేరే సంగతి. పైగా సైజును బట్టే విలువ తగ్గేటట్టయితే మా మేనల్లుడి కష్టంతోపాటు వాడి మీద వాళ్లమ్మకున్న బెంగ కూడా తగ్గాలి. అది తగ్గలేదని రోజూ ఫోన్లో వింటూనే ఉన్నాను.

చీనీ తోట గట్టున

శివరాత్రి వెళ్లిన అమావాస్య. పులివెందుల వైపు తెలిసినవాళ్ల చీనీ (బత్తాయి) తోట పక్కన గట్టుమీద ట్రైపాడ్ పెట్టుకున్నాను. ఆ రోజుల్లో పాలపుంత నడిబొడ్డు తెల్లవారుజామున మూడు దాటితే గానీ ఆగ్నేయంలో ఫొటోకు అందేంత పైకి రాదు. ఆకాశం చాలాభాగం పట్టే 14 ఎంఎం లెన్సు, ఒక్కో ఫొటోకు ఇరవై సెకన్లు. ఒకసారి అన్నీ కుదిరాక కెమెరా దాని మానాన అది తీసుకుంటూ పోతుంది.

తోటలో టార్చి వెలుగు కదిలింది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క టార్చి చాలు అది పాడవడానికి. నాకు చిరాకే వేసింది. వచ్చినాయన పెద్దాయన. తలకు తువ్వాలు, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో టార్చి. అడుగు వేసేముందు కర్రతో నేలను తట్టుకుంటూ వచ్చాడు.

"ఏం తీస్తాండారు సార్ ఇంత రేత్రిలో?"

"చుక్కలన్నా."

అప్పుడే పడిన ఫొటో కెమెరా తెరమీద చూపించాను. చాలాసేపు చూసి, తలెత్తి ఆకాశం చూసి, మళ్లీ తెర చూశాడు. "ఇంత తెల్లగా యాడుండాది సార్? నేను దినామూ చూస్తానే ఉండా."

ఆయన చెప్పింది నిజం. మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు. కెమెరా ఇరవై సెకన్ల వెలుగును ఒకచోట పోగు చేస్తుంది, కన్ను అలా దాచుకోలేదు. కాబట్టి పాలపుంత కంటికి ఒక బూడిదరంగు మసకలాగానే కనిపిస్తుంది. ఫొటోలో ఉన్న గులాబీ, ఊదా రంగులు అబద్ధం కావు, ఆ వెలుగు నిజంగానే వస్తోంది. కానీ అలా ఏ కన్నూ చూడలేదు. గండికోటలో ఒక శనివారం రాత్రి, గుడారాల దగ్గర ఒక కుర్రాడు పాలపుంత ఎక్కడని అడిగితే చూపించాను. వాడు ఫోన్లో ఉన్న ఒక పాలపుంత ఫొటో తెరిచి, ఆకాశం పక్కన పెట్టి చూసుకుని, "అంతేనా?" అన్నాడు. నిజం ఆకాశం కింద నిలబడి నిరాశపడ్డాడు. దానికి మా ఫొటోలే కారణమని నాకు చాలా బాధేసింది. ఎవరూ చూడని ఒక దృశ్యాన్ని చూపించి, దాని ముందు చిన్నవాళ్లైపోండని అడుగుతున్నాం.

పెద్దాయన గట్టుమీదే కూర్చున్నాడు. ఆ వారం వాళ్ల ఫీడరుకు, అంటే వాళ్ల పొలాలకు కరెంటిచ్చే లైనుకు, రాత్రి వంతు. మోటారు ఆడుతున్నంతసేపూ ఒక మడి తర్వాత ఒక మడికి గేటువాల్వు తిప్పుకోవాలి, డ్రిప్పు పైపులు ఎక్కడైనా ఊడాయేమో చూసుకోవాలి. కర్ర పాముల కోసం. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. అందులో ఎక్కువమంది పల్లెలవాళ్లే. కెమెరా తెర వెలుగులో ఆయన కాళ్లు చూశాను. హవాయి చెప్పులు, మడమల దాకా తడిమన్ను. నేను బూట్లు, మందపాటి జీన్సు వేసుకుని ఉన్నాను. ఒకే చీకటి. నేను సరదాపడి వచ్చాను, ఆయన వంతుపడి వచ్చాడు.

ఆ మనిషితో "ఇంత పెద్ద విశ్వంలో మన కష్టాలు ఏపాటివి" అని అనగలనా? నాకైతే నోరు రాదు.

తెరమీంచి జారిపోయిన చుక్క

ఆయన కూర్చుని ఉండగానే రెండో కెమెరాకు దూరాన్ని దగ్గరగా చూపే 200 ఎంఎం లెన్సు పెట్టి, వృశ్చికరాశిలోని జ్యేష్ఠ నక్షత్రం మీదకు తిప్పాను. ఫోకస్ కుదుర్చుకోవడానికి తెరమీద పదింతలు పెద్దది చేస్తాం. అలా చేస్తే చుక్క తెర మధ్యలో నిలవదు. ఎర్రటి బొట్టు మెల్లగా, ఆగకుండా ఒక పక్కకు జారిపోతూ ఉంటుంది. నాలుగైదు నిమిషాల్లో తెర దాటి వెళ్లిపోతుంది. ట్రైపాడ్ కదల్లేదు, గాలి లేదు, నా వేలు ఎక్కడా తగల్లేదు. జారుతున్నది భూమి. గంటకు 15 డిగ్రీలు తిరుగుతుందని బళ్లో చదువుకున్నదే. కానీ అరచేతిలో పట్టే తెరమీద అది జరుగుతుంటే, మనం కూర్చున్న గట్టు, తోట, మోటారు షెడ్డు అన్నీ కలిసి తూర్పుకు తిరుగుతున్నాయని ఒంటికి తెలుస్తుంది. రైల్లో కూర్చుని ఉండగా పక్క ప్లాట్‌ఫాం కదిలినట్టనిపించి, కదిలింది మన రైలేనని కడుపులో తెలిసే క్షణం ఉంటుంది చూడండి, సరిగ్గా అలా.

నాకు చిన్నవాణ్ణనిపించేది అప్పుడు. నా పక్కన పెద్దదేదో నిలబడి ఉన్నందుకు కాదు. నన్ను అడక్కుండా, నాకోసం ఆగకుండా, నన్నుకూడా ఎక్కించుకుని ఒక పని జరిగిపోతోంది. నేను మేలుకున్నా, నిద్రపోయినా, ఉద్యోగంలో ఉన్నా, లేకపోయినా అది నన్ను దింపేయదు. అందులో నా వంతు చాలా తక్కువ, కానీ నాకు చోటుంది. ఈ రెండూ ఒకేసారి తెలియడం వల్లే గుండె తేలికపడుతుంది. పోలిక పెట్టి చూపించే చిన్నతనంలో ఆ రెండోది ఉండదు. ఆఫీసులో "నువ్వు అక్కర్లేదు" అన్నప్పుడు పోయేది సరిగ్గా ఆ చోటే. అందుకే వాడికి ఫొటో కింది మాట ఆఫీసు మాటలాగే వినపడింది.

పెద్దాయనకూ ఆ జారే చుక్కను చూపించాను. కదిలేది చుక్క కాదన్నా, మనమే అన్నాను. ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు. "అది దినామూ తప్పకుండా తిరుగుతాండాది. కరంటే టయానికి రాదు," అని లేచి వాల్వు తిప్పడానికి పోయాడు.

నా మాటకు ఇక్కడ ఒక అడ్డు ఉంది, దాన్ని దాటవేయను. ఈ గుండె తేలికపడటం అనేది జీతం, సెలవు, బూట్లు ఉన్నవాడి సుఖం కాదా? ఆయన అదే ఆకాశం కింద రోజూ ఉన్నాడు, ఆయనకు అలాంటిదేమీ అక్కర్లేకపోయింది. కొంతవరకు ఇది నిజమే. ఎంచుకుని వచ్చినవాడికే చీకటి మంచి చేస్తుంది. కానీ ఆయనకు ఆ అనుభవం లేదని నేనెలా అనగలను? చుక్క తిరగడం తప్పదని ఆయనకు నాకంటే ముందే తెలుసు, దానిమీద ఆయనకు అనుమానమే లేదు. నేను వెతుక్కుంటూ వెళ్లేది ఆయన దగ్గర మామూలుగానే ఉండొచ్చు. ఒకే ఒక్క సంభాషణతో ఇది తేలదు.

ఇంకో అడ్డు పరిశోధకుల నుంచి. అమెరికా మనస్తత్వ పరిశోధకులు పాల్ పిఫ్, డేకర్ కెల్ట్‌నర్ తదితరులు 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇలా జరిగింది. బర్క్‌లీ క్యాంపస్‌లో ఎత్తైన యూకలిప్టస్ చెట్ల మధ్య కొందరు విద్యార్థుల్ని ఒక్క నిమిషం పైకి చూడమన్నారు, ఇంకొందర్ని పక్కనున్న భవనం కేసి చూడమన్నారు. తర్వాత ఒకరు పొరపాటున పడేసుకున్నట్టు పెన్నులు కింద పడేస్తే, చెట్లు చూసినవాళ్లు ఎక్కువ పెన్నులు ఏరి ఇచ్చారు. అంటే పెద్దవాటిని చూస్తే మనిషి మెత్తబడతాడు, సాయపడతాడు. మరి పోలికతో వచ్చే చిన్నతనం కూడా మంచిదేగా అంటారు. ఆ ఫలితాన్ని నేను కాదనను. కానీ ఆ విద్యార్థులకు ఎవరూ "మీరెంత" అని చెప్పలేదు. చెట్టు చూడమన్నారు, అంతే. వాళ్లంతట వాళ్లే మెత్తబడ్డారు. నేను అడుగుతున్నదీ అంతే, చూపించండి, కింద తీర్పు రాయకండి.

బేగంపేట గాజు పలకలు

తెలుగు నేలమీద రాత్రి ఫొటోలంటే నాకు గుర్తొచ్చేది నిజామియా వేధశాల, అంటే టెలిస్కోపులతో ఆకాశాన్ని పరిశీలించే చోటు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో మొదలుపెట్టాడు, ఆయన పోయాక నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల చోట్లు రాసిపెట్టాలని 1887లో పారిస్‌లో ఒక పథకం వేసుకున్నారు. ప్రపంచంలో ఇరవై దాకా వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాద్ వాటాకు వచ్చింది. ఆ రాత్రి తోటలో నేను ఫొటో తీసిన, వృశ్చికరాశి తేలు తలదగ్గరి అనూరాధ నక్షత్రాల్లో రెండు ఆ పట్టీలోవే.

ఎనిమిది అంగుళాల కుక్ కంపెనీ టెలిస్కోపు, వెనక ఫిల్ము బదులు గాజు పలక. పలక వెలుగు తాగుతున్నంతసేపూ ఒక మనిషి పక్కనున్న గొట్టంలో ఒక చుక్కను చూస్తూ, అది తీగల కూడలి తప్పకుండా చేత్తో సవరిస్తూ ఉండాలి. నా కెమెరా తెరమీంచి నేను జారనిచ్చిన చుక్కను ఆయన జారనివ్వకూడదు. పగలు ఇంకొకరు ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో నల్లచుక్క చోటూ కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. లక్షల చుక్కలు. టి.పి. భాస్కరన్ డైరెక్టర్‌గా ఉన్న ఏళ్లలో ఈ పని చాలావరకు సాగింది. కొలిచినవాళ్ల పేర్లు మనలో ఎవరికి తెలుసు?

2000లో టైకో-2 అనే నక్షత్రాల కేటలాగు వచ్చింది. హిప్పార్కోస్ ఉపగ్రహం కొలతలతో పాటు, దాదాపు 25 లక్షల నక్షత్రాలు ఏళ్ల తరబడి ఎంతెంత జరిగాయో లెక్కకట్టడానికి ఆ పాత గాజు పలకల కొలతలే ఆసరా అయ్యాయి. బేగంపేటలో కూర్చుని అంకెలు ఎక్కించినాయన చేసిన పని, ఆయన పోయాక ఒక ఉపగ్రహం లెక్కల్లో కలిసింది. ఆయన ఏ ఫ్రేములోనూ లేడు. ఊరి వెలుగు పెరిగి బేగంపేట ఆకాశం పనికిరాకుండా పోతే, అప్పటికి ఆ వేధశాలను నడుపుతున్న ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు ఊరికి దూరంగా జాపాల-రంగాపూర్‌లో 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ దిక్కుకూ నగరం వెలుగు వచ్చేసింది. ఆ గాజు పలకల్ని తలుచుకుంటే పాలపుంతను చూసినప్పటికన్నా ఎక్కువ ఒణుకు పుడుతుంది నాకు. తనకంటే చాలా పెద్ద పనిలో ఒక చిన్న ముక్క చేసి పక్కకు తప్పుకున్న మనిషిని ఎవరూ కించపరచలేరు.

అక్కడ ఉన్న మనిషి

నా ఫొటో మిత్రుడొకడు దీనికంతటికీ ఒక్క మాటతో అడ్డం పడతాడు. మనిషి లేకపోతే స్కేలు తెలియదు, ఒట్టి ఆకాశం గోడకు అంటించే కాగితంలా ఉంటుంది, ఎవడూ ఆగి చూడడు అంటాడు. ఫొటోగా చూస్తే అతని వాదనలో బలం ఉంది. మనిషిని తీసేయమని నేనూ అనను. మనం తీసుకెళ్లి నిలబెట్టిన మనిషిని కాకుండా, మనం వెళ్లేసరికి అక్కడున్న మనిషిని ఉంచమంటాను.

ఆ తోటలో వరసగా తీసినవన్నీ ఒకదానిమీద ఒకటి కలిపితే చుక్కలు ఆగ్నేయం నుంచి ఏటవాలుగా లేచిన గీతలయ్యాయి. కింద చెట్ల మధ్య పసుపుపచ్చ గీత ఒకటి పడింది. వాల్వు దగ్గర్నుంచి వాల్వు దగ్గరికి నడిచిన పెద్దాయన టార్చి. మధ్యలో కొన్నిచోట్ల లావుగా ఉంది, అక్కడ ఆగి పైపు చూసుకున్నాడన్నమాట. రూలు ప్రకారం ఆ గీతను చెరిపేయాలి. ప్రింటు వేసే షాపులో కూడా "కింద ఈ లైటు తీసేద్దామా సార్?" అని అడిగారు. వద్దన్నాను. ప్రింటు పట్టుకెళ్లి ఇస్తే పెద్దాయన ఆ గీతవెంట వేలు పెట్టుకుంటూ పోయి, ఒక లావుచోట ఆపి, "ఈడ జాయింటు ఊడింటే ఆ పొద్దు సగం నీళ్లు పొర్లిపోయినాయి" అని కొడుకును పిలిచి చూపించాడు.

మిత్రుడికి ఆ ఫొటో నచ్చింది, కానీ దానివల్ల తన మాటే గెలిచిందంటాడు, మనిషి ఉన్నాడు కాబట్టే ఆగి చూశానని. కావచ్చు. నాకు మాత్రం ఆ గీత ఇంకోసారి దొరక్కూడదని ఉంది. సేద్యానికి కరెంటు పగలే ఇస్తే ఆ వయసు మనిషి తెల్లవారుజామున మూడింటికి కర్రతో నేల తట్టుకుంటూ తిరగాల్సిన పని లేదు. ప్రభుత్వాలు ఆ హామీ ఎన్నోసార్లు ఇచ్చాయి, అన్ని ఫీడర్లకూ అది నిజం కావాలి. అప్పుడు స్కేలు కోసం ఇంకేదైనా చూసుకుంటాను. గండికోటలో మాధవరాయస్వామి గుడి గోపురం ఉంది, దాని పక్కనుంచి పాలపుంత ఏ నెలలో ఎన్నింటికి లేస్తుందో ఇప్పటికే లెక్క వేసి పెట్టుకున్నాను.